ఇసుక నేలలో బిళ్ళగన్నేరు: పెంచదగిన పువ్వు, మింగరాని ఆకు

నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామాలలో పూలమొక్కలపై మక్కువ గల గృహిణులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. మంచుకొండల మీద రాళ్ళ సందులలో పూచే మొండి పూలమొక్కలను మన పెరట్లో పెంచవచ్చునా అని. బ్రహ్మకమలాన్ని గూర్చి విన్నవారికి ఈ కోరిక మరీ ఎక్కువ. మన ఇండ్లలో కుండీలలో పెంచి, రాత్రివేళ పూయగానే ఇరుగుపొరుగువారిని పిలిచి చూపించు తెల్లని పువ్వు నిజమైన బ్రహ్మకమలం కాదు. అది మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన ఒక జెముడు జాతి మొక్క. నిజమైన బ్రహ్మకమలం హిమాలయాలలో సుమారు 12 వేల అడుగులకు పైన పెరుగును. ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం అదియే. రోహిణి కార్తెలో నిప్పులు చెరుగు మన ఎండలకు అది ఒక్క వేసవి కూడ బ్రతుకదు. దానికై ధనం వ్యయపరచుట వృథా.

అయితే ఆ కొండపూల స్వభావాన్ని పరిశీలించినచో ఒక సంగతి బోధపడును. వాటికి సారవంతమైన మట్టి అక్కరలేదు. ఎడతెగని గాలికి అవి జంకవు. వాటిని చంపునది వేళ్ళ చుట్టూ నిలిచిన నీరు మాత్రమే. బలహీనమైన నేల, వెంటనే ఇంకిపోవు నీరు, నిత్యం వీచు గాలి: చలి ఒక్కటి తప్ప తక్కినవన్నీ మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంట ఇసుకలలోనూ కలవు. అందుచేత కొండల మీద ఆ పూలకు గల స్థానం మన తీరంలో ఏ మొక్కకు గలదో వెదకుట మేలు. వెదకుటకు దూరం పోనక్కరలేదు. సరుగుడు తోటల గట్ల మీద, ఇసుక దిబ్బల వాలులో, పాడుబడిన ప్రహరీల మొదట్లో ఎవరూ నీరు పోయకపోయినా ఏడాది పొడవునా పూచు బిళ్ళగన్నేరే ఆ మొక్క.

ఎక్కడి మొక్క?

బిళ్ళగన్నేరును తమిళులు నిత్యకల్యాణి అనియు, హిందీవారు సదాబహార్ అనియు పిలుతురు. రెండు పేర్ల భావమూ ఒకటే: ఎన్నడూ పూత మానని మొక్క. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కాథరాంథస్ రోజియస్ అందురు. పాత పుస్తకాలలో వింకా రోజియా అని కనిపించును. ఐదు రేకులు చక్రంవలె కొద్దిగా మెలిపడి ఉండును. ఊదా కలిసిన గులాబి రంగుది ఒకటి, స్వచ్ఛమైన తెల్లనిది ఒకటి, తెల్లని పువ్వు నడుమ ఎర్రని చుక్క గలది మరొకటి. మన తీరంలో స్వయంగా పెరుగునవి ప్రధానంగా ఈ మూడే.

ఇది మన దేశపు మొక్క కాదని చెప్పినచో చాలమంది ఆశ్చర్యపోవుదురు. దీని జన్మస్థానం ఆఫ్రికాకు తూర్పున గల మడగాస్కర్ దీవి. ఐరోపాలోని ఉద్యానాలకు 18వ శతాబ్ది మధ్యకాలంలో చేరినది. 1759లో లిన్నేయస్ దీనికి వింకా రోజియా అను పేరు పెట్టెను. ఓడలవెంట ఉష్ణదేశాల తీరాలన్నిటికీ ప్రాకి, ఇసుక దొరికిన చోటనెల్ల స్థిరపడినది. కనుక చరక, సుశ్రుత సంహితలలో ఈ మొక్క ప్రసక్తి లేదు. సదాపుష్ప వంటి సంస్కృత నామాలు తరువాతి కాలంలో ఏర్పడినవే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని అవసరం ముందు రాగలదు.

ఇసుకలో ఇది ఎట్లు బ్రతుకుచున్నది? ఆకు దళసరిగా, నున్నగా ఉండుటచే తేమ త్వరగా పోదు. తల్లివేరు లోతుగా దిగును. అన్నిటికంటె ముఖ్యమైనది మూడవది. ఆకు, కాండం, వేరు అంతటా చేదైన విషపదార్థాలు నిండి ఉండును. ఏ ఆకునూ విడిచిపెట్టని మేకలు సైతం దీనిని తాకవు. పచ్చిక కూడ కరువైన వేసవి దిబ్బల మీద ఈ ఒక్క మొక్క పచ్చగా నిలుచుటకు కారణం ఇదే.

నారు పోయుట, నాటుట

కొమ్మ నుండి కూడ మొక్క వచ్చును గాని, గింజ నుండి వచ్చినదానికి తల్లివేరు బలంగా దిగును. ఇసుక నేలకు అదే కావలెను. పూత రాలిన చోట అంగుళం పొడవు గల సన్నని కాయలు జంటగా ఏర్పడును. అవి పచ్చదనం వదలి పసుపు తిరుగుచుండగానే కోయవలెను. ఒక్కరోజు ఆలస్యమైనను పగిలి గింజ నేలపాలగును. కోసిన కాయలను కాగితపు సంచిలో వేసి నీడన ఉంచినచో సంచిలోనే పగులును. గింజలు నల్లగా, ఆవగింజ కంటె చిన్నవిగా ఉండును. పాతబడిన కొలదీ మొలకెత్తు శక్తి తగ్గును కనుక ఆ సంవత్సరపు గింజనే వాడుట మంచిది.

రెండు పాళ్ళు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు జల్లెడ పట్టిన చివికిన పశువుల ఎరువు కలిపి వెడల్పాటి మట్టిమూకుడులో నింపవలెను. గింజ చల్లి, పైన ఇసుక పలుచగా కప్పి, తడి గోనెపట్ట పరచవలెను. గోనెపట్ట తేమ కొరకు మాత్రమే కాదు. ఈ గింజ చీకటిలో బాగుగా మొలకెత్తును. వెలుతురులో ఉంచి, మొలవలేదని మూకుడు బోర్లించువారు ఎందరో. పది రోజులలో మొలక కనిపించును. కనిపించిన నాడే గోనెపట్ట తీసివేయవలెను. లేనిచో మొలకలు తెల్లగా సాగి వాలిపోవును.

ఎప్పుడు పోయవలెను? మిగిలిన ఆంధ్రదేశానికి తొలకరి మంచి అదను. నెల్లూరు తీరం సంగతి వేరు. ఇక్కడ సంవత్సరపు వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచు ఈశాన్య రుతుపవనాల వలననే కురియును. తొలకరిలో నారు పోసినచో మొక్క నిలదొక్కుకొనునంతలో తుపానులు వచ్చిపడును. మా అభిప్రాయంలో సంక్రాంతి వెళ్ళిన తరువాత నారు పోసి, ఫాల్గుణ మాసంలో నాటుట ఉత్తమం. ఎండ ముదురుచున్నప్పుడు నాటుట ఏమని సందేహించనక్కరలేదు. ఈ మొక్కకు ఎండ ఆహారం వంటిది. నీడలో పెంచినచో ఆకు పెరుగును, పువ్వు రాదు.

నారుకు ఆరేడు ఆకులు రాగానే అడుగున్నర దూరంలో నాటవలెను. నేలమట్టానికి నాటరాదు. జానెడు ఎత్తున మట్టిదిబ్బ కట్టి, దానిపై నాటవలెను. గుంటకు రెండు దోసిళ్ళ చివికిన ఎరువు, ఒక పిడికెడు వేపపిండి చాలును. యూరియా వేయరాదు. తిండి ఎక్కువైనచో ఇది కొవ్వుపట్టి పూత మానుకొనును. నాటిన పది రోజులు ప్రతి ఉదయం, తరువాత రోజు విడిచి రోజు, వేళ్ళు దిగిన పిమ్మట వారానికి ఒకటి రెండుసార్లు నీరు పోసిన సరిపోవును. జానెడు ఎత్తు ఎదగగానే చిగురు గిల్లినచో పక్కకొమ్మలు వచ్చి మొక్క గుబురుగా ఎదుగును. గింజ వేసిన మూడు నెలలకు పూత మొదలగును. వాడిన పూలు తామే రాలిపోవును. వాటిని ఏరి తీయు శ్రమ లేదు.

తీరగ్రామాలలో బావినీరు ఉప్పగా మారిన ఇండ్లవారికి ఒక మాట. రొయ్యల గుంటలు వచ్చిన చోట్ల ఈ బాధ మరింత ఎక్కువైనది. కొద్దిపాటి ఉప్పునీటిని బిళ్ళగన్నేరు ఓర్చుకొనును. ఆకు అంచులు మాడుట మొదలైనచో ఉప్పు మితిమీరినదని గ్రహించి, బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు కలిపి పోయవలెను. సముద్రం పోటెత్తి గాలి వీచిన మరునాడు ఆకుల మీద మంచినీరు చిలకరించుట మంచిది.

వానలలో జాగ్రత్త

ఇంత మొండి మొక్కకు గండం వానకాలంలోనే ఉన్నది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల వద్ద తీరం దాటుటకు ముందు నెల్లూరు జిల్లాలో ఎడతెగని వానలు కురిసినవి. అటువంటి ముసురులో నీరు నిలిచిన మళ్ళలోని బిళ్ళగన్నేరు మొక్కలకు కొమ్మల చివర్లు వాలి, మొదలు నల్లబడి, మూడు నాలుగు రోజులలో చచ్చుట సర్వసాధారణం. నీరు చాలక వాలినవని భావించి మరింత నీరు పోయువారున్నారు. అది అగ్నికి ఆజ్యం పోసినట్లే. ఇది నేలలోని బూజువంటి సూక్ష్మజీవి వలన కలుగు కుళ్ళు తెగులు. అక్టోబరులోనే దిబ్బలను మరి కొంత ఎత్తు చేసి, నీరు పోవుటకు కాలువ తీయవలెను. కుండీలనైతే వసారా చూరు క్రిందకు చేర్చవలెను. కుండీ అడుగు రంధ్రం మూసుకొనిపోకుండ ఇటుక పెంకులు వేయవలెను.

వాన తెరిపి ఇచ్చినప్పుడు ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని మొదళ్ళ వద్ద పోయవచ్చును. 10 గ్రాముల మైలుతుత్తాన్ని అరలీటరు నీటిలో, 10 గ్రాముల సున్నాన్ని మరో అరలీటరు నీటిలో విడివిడిగా కరిగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలుపవలెను. ఇనుప పాత్ర వాడరాదు. వంటపాత్ర అసలే వాడరాదు. కుళ్ళు పట్టిన మొక్కను మాత్రం మందుతో బ్రతికించు ప్రయత్నం మాని, పెరికి కాల్చివేయుటయే మంచిది.

నర్సరీలలో అమ్ము పొట్టి సంకర రకాలు ముదురు ఎరుపు, నేరేడు రంగులలో కన్నులపండువుగా ఉండును గాని, చాల భాగం మన కార్తీక వానలకు తాళవు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థవారు నిర్మల్, ధవళ్ అను తెల్లపూల రకాలను రూపొందించిరి. అవి పంటగా వేయువారికి ఉపయుక్తం. ఇంటికి మన దిబ్బల మీది నాటు మొక్కయే చాలును.

మరొక తెగులు కలదు. ఆకులు చిన్నవై గుంపుకట్టి, పూలు పచ్చని ఆకులవలె మారును. వంకాయలో, నువ్వులో రైతులు వెర్రి తెగులు అనునది ఇటువంటిదే. దీపపు పురుగుల వంటి చిన్న పురుగులు దీనిని ఒక మొక్క నుండి మరొకదానికి చేర్చును. కనుక వంగమడి ప్రక్కన బిళ్ళగన్నేరు నాటరాదు. వానలు వెనుకబడిన పిమ్మట, జనవరిలో మొక్కను మూడవ వంతుకు కత్తిరించినచో మరల చిగిర్చును. రెండేళ్ళు దాటినచో మొదలు కట్టెబారి పూత తగ్గును కనుక కొత్త నారు సిద్ధం చేసుకొనవలెను.

ఆకు తినవచ్చునా?

ఈ వ్యాసం వ్రాయుటకు అసలు కారణం ఈ ప్రశ్నయే. ఉదయపు నడకలో ఒకరు చెప్పగా మరొకరు, చుట్టాలలో ఒకరు చేయగా మరొకరు, చక్కెర వ్యాధికి పరగడుపున బిళ్ళగన్నేరు ఆకులు నాలుగైదు నమలుట, పూలు మరిగించి త్రాగుట అనేక ఇండ్లలో సాగుచున్నది. చౌకగా ఇంటి ముందే దొరుకుట, చేదుగా ఉండుట, రెండును నమ్మకాన్ని కలిగించును. చేదైనదెల్ల చక్కెరకు విరుగుడని మనవారి విశ్వాసం. ఇది మనదేశంలోనే కాదు. జమైకా దీవిలోను, ఫిలిప్పీన్స్‌లోను ఇదే ఆకు కషాయాన్ని మధుమేహానికి త్రాగుచుండిరి. ఆ కషాయం మీద జరిగిన పరిశోధన కథ ప్రతి మధుమేహ రోగియు తెలిసికొనదగినది.

1952లో కెనడాకు చెందిన క్లార్క్ నోబుల్ అను వైద్యునికి జమైకా నుండి ఒక రోగి పాతిక బిళ్ళగన్నేరు ఆకులను కవరులో పంపెను. మధుమేహానికి అక్కడివారు వాడు ఆకు ఇదని దాని సారాంశం. ఆయన టొరంటోలో ఇన్సులిన్‌పై పరిశోధించిన బృందంతో పనిచేసినవాడు. ఆకులను తన తమ్ముడైన రాబర్ట్ నోబుల్ అను శాస్త్రజ్ఞునికి పంపెను. కషాయాన్ని ఎలుకలకు నోట పోసి చూడగా రక్తంలో చక్కెర తగ్గలేదు. బలమైన సారాన్ని సూదితో ఎక్కించగా ఎలుకలు కొద్ది రోజులలోనే చీముగడ్డలతో చనిపోయినవి. కారణం వెదకగా, వాటి రక్తంలో తెల్లకణాలు దారుణంగా తగ్గిపోయినట్లు, కణాలను పుట్టించు ఎముక మజ్జ దెబ్బతిన్నట్లు తేలినది. వ్యాధి క్రిములను ఎదిరించు సైన్యమే లేకపోవుటచే సాధారణ క్రిములే వాటిని చంపినవి.

మరొకరైతే అంతటితో ఆ ఆకును పారవేసి ఉందురు. తెల్లకణాలను ఇంతగా తగ్గించునది, తెల్లకణాలు మితిమీరి పెరుగు రక్త క్యాన్సరుకు పనికిరాదా అని రాబర్ట్ నోబుల్ ఆలోచించెను. చార్లెస్ బీర్ అను రసాయన శాస్త్రజ్ఞుని తోడ్పాటుతో విన్‌బ్లాస్టిన్ అను పదార్థాన్ని వేరుచేసి, 1958లో ఫలితాలను ప్రకటించిరి. అమెరికాలోని ఎలై లిల్లీ సంస్థలో గోర్డన్ స్వొబోడా బృందం ఇదే మొక్క నుండి విన్‌క్రిస్టిన్‌ను సాధించెను. 1963లో దానికి అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది. పిల్లలకు వచ్చు రక్త క్యాన్సరు చికిత్సలో ఇతర మందులతో కలిపి విన్‌క్రిస్టిన్‌ను నేటికిని వాడుచున్నారు. ఒకప్పుడు దాదాపు మరణశాసనంగా ఉండిన ఆ వ్యాధి నుండి, మంచి చికిత్స అందినచోట, నేడు పదిమంది పిల్లలలో ఎనమండుగురికి పైగా కోలుకొనుచున్నారు. 1984లో మన దేశపు సిప్లా సంస్థ పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల సహకారంతో ఈ రెండు మందులను ఇక్కడనే తయారుచేసినది. ఒక్క గ్రాము మందుకై వందల కిలోల ఎండుటాకు కావలసియుండుటచే తమిళనాడులో దీనిని పంటగా వేసిరి.

ఇంత స్వల్పంగా ఉన్న విషం నాలుగు ఆకులలో ఏమి చేయునని కొందరు వాదించెదరు. న్యాయమైన ప్రశ్నయే. ఆ రెండు మందులు ఆకులో అత్యల్పం. నోటితో తీసికొన్నప్పుడు సరిగా ఒంటబట్టవు గనుకనే వైద్యులు నరంలోకి ఎక్కింతురు. కాని ఆకులో ఉన్నవి ఆ రెండే కావు. నూటికి పైగా క్షారపదార్థాలు కలవు. వాటిలో కొన్ని రక్తపోటును తగ్గించును. మొక్క వయస్సును బట్టి, ఋతువును బట్టి, రకాన్ని బట్టి వాటి పరిమాణం మారును. నిన్నటి నాలుగు ఆకులు, నేటి నాలుగు ఆకులు ఒకటి కావు. ఎలుకలపై జరిగిన తరువాతి ప్రయోగాలు కొన్నిటిలో చక్కెర కొంత తగ్గిన మాట నిజమే. మనుష్యులలో దాని మేలు, దాని భద్రత నిరూపింపబడలేదు.

ఇందులో మధుమేహ రోగులు విశేషంగా భయపడవలసిన అంశం ఒకటి కలదు. విన్‌క్రిస్టిన్ ఇచ్చిన రోగులలో కనిపించు ప్రధాన దుష్ఫలితం నరాల బలహీనత: కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుట, స్పర్శ తెలియకపోవుట, తీవ్రమైన మలబద్ధం. విన్‌బ్లాస్టిన్ తెల్లకణాలను తగ్గించును. దీర్ఘకాల మధుమేహంలో కాలికి స్పర్శ ముందే తగ్గి ఉండును. పుండు మానుట ముందే కష్టమై ఉండును. ఇసుకలో చెప్పులు లేక నడచుచు, గవ్వ గుచ్చుకొన్నను తెలియనివారు మన తీరంలో ఎందరో ఉన్నారు. ఏ రెండు బలాలు ఆ రోగికి తక్కువో, ఆ రెంటినే తగ్గించగల మొక్కను అతడు ప్రతి ఉదయం నమలుట ఎంతమాత్రం తగదు. మాత్రలు మానివేసి ఆకును నమ్ముకొనుట అంతకంటె ప్రమాదం. గర్భిణులు, బాలింతలు, రక్తపోటుకు మందు వాడువారు దీని దరికి పోరాదు.

పూర్వుల వైద్యమును కాదనుట తగునా అని కొందరు నొచ్చుకొందురు. ఈ ఆకు పూర్వుల వైద్యంలోనిది కాదని పైననే మనవి చేసితిమి. వేల ఏండ్ల వాడుకలో గుణదోషాలు తేలిన మెంతులు, ఉసిరిక, పసుపు వంటి వాటికి గల రక్షణ దీనికి లేదు. మెంతులు కూడ ఆహారంలో భాగంగా, వైద్యుడు ఇచ్చిన మందును కొనసాగించుచు తీసికొనదగినవే.

ఇదివరకే ఈ ఆకును కొంతకాలంగా వాడుచున్నవారు కలవరపడనవసరం లేదు. వెంటనే మానివేసి, ఎంతకాలం ఎన్ని ఆకులు తిన్నారో దాచక తమ వైద్యునితో చెప్పి, రక్తకణాల సంఖ్యకు పరీక్ష చేయించుకొనవలెను. తరచుగా జ్వరం, మానని పుండ్లు, కొత్తగా తిమ్మిర్లు ఉన్నచో ఆలస్యం చేయరాదు. కందిరీగ కుట్టినచోట ఆకురసం పూయు అలవాటు పల్లెలలో కలదు. పుండు మీద, చీలిన చర్మం మీద మాత్రం పూయరాదు.

కొమ్మలు కత్తిరించిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కత్తిరించిన ఆకును పశువుల కుడితిలోను, మేకల దొడ్డిలోను పడవేయరాదు. పాకు వయస్సు పిల్లలున్న ఇండ్లలో మొక్కను అరుగు ప్రక్కన గాక ప్రహరీ వారగా పెంచవలెను. పిల్లలు ఆకు నమిలినచో నోరు కడిగి, బలవంతంగా వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వెంట ఆ మొక్క కొమ్మను కూడ కొనిపోవలెను. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు ఒకే కుటుంబానివి. పేర్లలోని పోలికచే ఇంటివారు తికమకపడి ఒకదానికి మరొకటి చెప్పుట కద్దు. మొదటి రెండును గుండెను ఆపగల విషాలు. వాటి చికిత్స వేరు గనుక, ఏ ఆకు నమిలినది వైద్యుడు కంటితో చూచి నిర్ణయించుట అవసరం.